ఫ్రీగా వాడుతున్నదానికి రేపు డబ్బులు అడిగితే కడతామా?

ఈ ఎపిసోడ్ రికార్డ్ చేసే ముందు ఒక చిన్న పని చేశాను. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ దగ్గర మొదలుపెట్టి చైతన్యపురి దాకా నడుస్తూ, కోచింగ్ సెంటర్ల ముందు చాయ్ తాగుతున్నవాళ్లని, హాస్టల్ మెట్ల మీద కూర్చున్నవాళ్లని ఒకటే ప్రశ్న అడిగాను. "రేపటి నుంచి వాట్సాప్‌కి నెలకి వంద రూపాయలు అంటే కడతారా?" పదిహేను మంది దాకా ఉంటారు. ఒక్కరు కూడా కడతామనలేదు. "టెలిగ్రామ్ ఉంది కదన్నా, అందరం అటు పోతాం" అన్నాడు ఒకతను. ఇంకో అమ్మాయి అయితే ఇంత పిచ్చి ప్రశ్న ఏంటి అన్నట్టు చూసింది.

తర్వాత అదే మనుషుల్ని ఇంకోటి అడిగాను. "మీ యూపీఐ యాప్‌లో ఆటోపే లిస్ట్ ఓపెన్ చేయండి, ఏమేం ఉన్నాయో చూద్దాం." అక్కడ కథ మారిపోయింది. ఒకరికి యూట్యూబ్ ప్రీమియం, ఒకరికి గూగుల్ వన్, ఇద్దరికి పాటల యాప్, ఒకరికి ఎప్పుడు ఒప్పుకున్నాడో తనకే గుర్తులేని ఒక ఎడిటింగ్ యాప్. ఇది సర్వే ఏం కాదు, లెక్కల్లోకి తీసుకోకండి. కానీ నోటితో "కట్టం" అనే మనిషి, వేలితో కడుతూనే ఉన్నాడు. ఈ రెండింటి మధ్య ఏం జరుగుతుందో చూద్దాం. ఎందుకంటే ఇది మనకి ఇప్పుడు చాలా అవసరమైన విషయం. ఎందుకో కాసేపట్లో వస్తా.

ముందు "ఫ్రీ" అంటే ఏంటో ఒక మాట. మహాలక్ష్మి పథకం వచ్చాక, అంటే 2023 డిసెంబర్ 9 నుంచి, మన ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకి ప్రయాణం ఉచితం. కానీ కండక్టర్ టికెట్ కొట్టకుండా వదిలేయడు. జీరో టికెట్ ఇస్తాడు. ఎందుకు? ఆ ప్రయాణానికి ఖర్చు ఉంది, దాన్ని ప్రభుత్వం ఆర్టీసీకి కట్టాలి, కాబట్టి లెక్క కావాలి. ఇంటర్నెట్‌లో కూడా ఫ్రీగా కనిపించే ప్రతిదానికీ ఒక జీరో టికెట్ ఉంటుంది. తేడా ఏంటంటే, అది మన చేతికి ఇవ్వరు.

యూపీఐనే తీసుకోండి. 2020 జనవరి 1 నుంచి యూపీఐ మీద దుకాణదారుడి దగ్గర తీసుకునే ఎండీఆర్ అనే ఛార్జీని సున్నా చేశారు. మరి బ్యాంకులకి ఖర్చు లేదా? ఉంది. అందుకే చిన్న దుకాణాల్లో జరిగే చిన్న మొత్తాల లావాదేవీలకి ప్రోత్సాహకంగా 2024-25కి సుమారు 1,500 కోట్ల రూపాయలు కేంద్రం ఆమోదించింది. అక్కడ జీరో టికెట్ లెక్క కట్టేది ప్రభుత్వం. 2022 ఆగస్టులో రిజర్వ్ బ్యాంక్ పేమెంట్ ఛార్జీల మీద ఒక చర్చా పత్రం పెట్టింది. పెట్టడమే. దేశమంతా గోల. కొన్ని రోజులకే ఆర్థిక శాఖ బయటికొచ్చి, యూపీఐ మీద ఛార్జీలు వేసే ఆలోచన లేదని చెప్పాల్సి వచ్చింది.

ఫేస్‌బుక్, ఇన్‌స్టా దగ్గరికొస్తే లెక్క ప్రకటనలది. మెటా కంపెనీ 2023 చివరి మూడు నెలలకి ఇచ్చిన లెక్క చూస్తే, ఫేస్‌బుక్‌లో అమెరికా, కెనడా వాళ్ల దగ్గర ఒక్కో మనిషి మీద 68.44 డాలర్లు వచ్చాయి. ఆసియా-పసిఫిక్‌లో 5.52 డాలర్లు. అప్పటి రేటులో 460 రూపాయల దాకా, అంటే నెలకి 150. అందులో జపాన్, ఆస్ట్రేలియా కూడా కలిసి ఉన్నాయి కాబట్టి మన దిల్‌సుఖ్‌నగర్ మనిషి విలువ ఇంకా తక్కువే అనుకోవచ్చు. అదే 2023 నవంబర్‌లో యూరప్‌లో యాడ్స్ లేని ఫేస్‌బుక్, ఇన్‌స్టా పెట్టారు. కంప్యూటర్‌లో అయితే నెలకి 9.99 యూరోలు, ఫోన్‌లో 12.99. మన దగ్గర ఆ రేటు పెడితే ఎవరు కడతారండీ? అదే నెలకి 50 రూపాయలంటే? అప్పుడు కూడా మన నోటి నుంచి వచ్చే మాట "కట్టం" అనే.

దీనికి కారణం కేవలం పిసినారితనం కాదు. సున్నాకి ఒక మాయ ఉంది. 2007లో షంపానియర్, మజార్, డాన్ ఏరియలీ అనే ముగ్గురు ఒక ప్రయోగం అచ్చేశారు. మంచి ఖరీదైన చాక్లెట్ 15 సెంట్లు, మామూలు చాక్లెట్ 1 సెంట్. కొన్నవాళ్లలో 73 శాతం మంచిదే కొన్నారు. తర్వాత రెండిటి ధరా ఒక్కో సెంట్ తగ్గించారు: 14, సున్నా. తేడా అదే 14 సెంట్లు. కానీ ఈసారి 69 శాతం ఫ్రీ చాక్లెట్ తీసుకున్నారు. రూపాయి తగ్గడం వేరు, సున్నా అవడం వేరు. సున్నా అయ్యేసరికి మనం పోల్చడం మానేస్తాం. అదే సున్నా నుంచి ఒక రూపాయికి ఎక్కినా ఎవరో మన జేబులో చెయ్యి పెట్టినట్టు ఉంటుంది. ఎల్బీ నగర్ పక్కనే ఉన్న నాగోల్ మెట్రో పార్కింగ్ గొడవ గుర్తుందా? 2024 ఆగస్టులో ఫ్రీ పార్కింగ్ తీసేస్తామనగానే జనం ధర్నాకి దిగారు. మొదటి రోజు నుంచే పది రూపాయలు తీసుకుని ఉంటే ఆ ధర్నా జరిగేది కాదని నా అభిప్రాయం.

వాట్సాప్ ఒకప్పుడు నిజంగానే డబ్బులు అడిగింది, తెలుసా? మొదటి ఏడాది ఫ్రీ, తర్వాత ఏడాదికి ఒక డాలర్. నేను బీటెక్‌లో ఉన్నప్పుడు సెట్టింగ్స్‌లో ఎక్స్‌పైరీ డేట్ కనిపించేది. మా క్లాసులో కట్టినవాడిని నేను ఒక్కణ్ని కూడా చూడలేదు. "ఈ మెసేజ్ పది మందికి పంపితే నీ వాట్సాప్ ఫ్రీ అవుతుంది" అనే ఫార్వర్డ్‌లు మాత్రం రోజూ వచ్చేవి. 2016 జనవరిలో ఆ ఫీజు తీసేశారు. తీసేస్తూ వాళ్లు చెప్పిన కారణం చూడండి. చాలామంది యూజర్ల దగ్గర డెబిట్, క్రెడిట్ కార్డ్ నంబర్ లేదట, ఏడాది అయ్యాక తమవాళ్లతో మాట్లాడలేకపోతామేమో అని భయపడుతున్నారట. అంటే డాలర్ ఇవ్వడం కాదు సమస్య, డాలర్ ఎలా ఇవ్వాలన్నది సమస్య.

ఆ సమస్య ఇప్పుడు లేదు. యూపీఐ ఆటోపే 2020లో వచ్చింది. 15,000 రూపాయల లోపు అయితే, మొదట ఒకసారి పిన్ కొట్టి ఒప్పుకున్నాక, ప్రతి నెలా ఓటీపీ లేకుండానే డబ్బులు కట్ అవుతాయి. డబ్బులు పోయే 24 గంటల ముందు ఒక మెసేజ్ రావాలని రూల్ ఉంది, వస్తుంది కూడా. ఆ మెసేజ్ చదివేవాళ్లు ఎంతమంది? వాట్సాప్‌కి 2016లో దొరకనిది ఇప్పుడు ప్రతి యాప్‌కీ దొరికింది.

సరే, మరి జనం నిజంగా కట్టిన సందర్భం ఒకటి చూద్దాం. జియో. 2016 సెప్టెంబర్ 5న మొదలైంది, 2017 మార్చి 31 దాకా మొత్తం ఫ్రీ. దిల్‌సుఖ్‌నగర్‌లో సిమ్ కోసం ఆధార్ జిరాక్స్ పట్టుకుని లైన్లో నిలబడిన బ్యాచ్‌లో నేనూ ఉన్నా. అప్పుడు అందరూ అన్న మాట, "ఫ్రీ అయిపోగానే సిమ్ తీసి పారేద్దాం." ఏమైంది? 99 రూపాయల ప్రైమ్ మెంబర్‌షిప్ పెట్టారు. మార్చి నెలాఖరుకి 7 కోట్ల 20 లక్షల మంది కట్టారని కంపెనీ ప్రకటించింది. అంతకుముందు ఫిబ్రవరిలో మొత్తం కస్టమర్లు 10 కోట్లు దాటారని చెప్పింది. అంటే పదిమందిలో ఏడుగురి దాకా. సిమ్ పారేస్తామన్న ఆ బ్యాచే!

ఎందుకు కట్టారు? ఆరు నెలల్లో అలవాటు మారిపోయింది. రోజుకి 1 జీబీ వాడటం నేర్చుకున్నవాడు నెలకి 1 జీబీ దగ్గరికి తిరిగి పోలేడు. ధర కూడా మనకి తెలిసిన సైజులోనే ఉంది, రీఛార్జ్ సైజులో.

కానీ జియో కథలో వెనక్కి వెళ్లే దారి ఉంది. నంబర్ పోర్టబిలిటీ ఉంది, పక్కన ఇంకో కంపెనీ ఉంది. ఆ దారి లేని కథ ఒకటి చెప్తా. కొత్తపేట వైపు మాకు తెలిసిన ఒక జిరాక్స్ షాప్ ఉంది. ఆన్‌లైన్ అప్లికేషన్లు, హాల్ టికెట్లు, పాన్ కార్డులు అన్నీ చేస్తాడు. బయట ఫ్లెక్స్ మీద పెద్ద అక్షరాలతో ఆయన జీమెయిల్ అడ్రస్ ఉంటుంది, ప్రింట్ కావాల్సినవాళ్లు దానికే ఫైల్ పంపాలి. ఆయన్ని అడిగా, "అన్నా, మెయిల్‌కి డబ్బులు అడిగితే కడతావా?"

"మెయిల్‌కి పైసలేంది తమ్మీ, ఎవడన్న కడ్తడా" అన్నాడు.

"మరి ఈ 130 రూపాయలు ఏంటన్నా?" అని ఆయన ఫోన్‌లోనే చూపించా.

"అది మెయిల్‌కి కాదు తమ్మీ. డబ్బా నిండింది. నిండినంక పిల్లల ఫైళ్లు వస్తలేవు. పరీక్ష ఫీజుకి ఆఖరి రోజు, షాప్ ముంగట లైను. ఏం జెయ్యాలె? గందుకే కట్టిన."

ఇదే అసలు విషయం. ఆయన దృష్టిలో ఆయన మెయిల్ సర్వీస్ కొనలేదు. ఫ్లెక్స్ మీద రాయించిన అడ్రస్‌ని కాపాడుకున్నాడు. కొత్త మెయిల్ ఐడీ ఫ్రీనే, రెండు నిమిషాల పని. కానీ ఏళ్లుగా కాలనీ అంతా సేవ్ చేసుకున్న అడ్రస్‌ని రెండు నిమిషాల్లో మార్చలేడు.

ఆ డబ్బా ఎలా నిండిందో కూడా చూద్దాం, ఎందుకంటే మన అందరి డబ్బా అలాగే నిండుతోంది. 2004 ఏప్రిల్ 1న జీమెయిల్ 1 జీబీతో వచ్చినప్పుడు జనం ఏప్రిల్ ఫూల్ అనుకున్నారు. అప్పటికి హాట్‌మెయిల్ ఇచ్చేది 2 ఎంబీ. 2013లో జీమెయిల్, డ్రైవ్, ఫోటోలు అన్నీ కలిపి 15 జీబీ చేశారు. 2015లో గూగుల్ ఫోటోస్ వచ్చింది, హై క్వాలిటీలో ఎన్ని ఫోటోలైనా ఫ్రీ అన్నారు. ఆరేళ్లు మనం పెళ్లిళ్లు, బోనాలు, పిల్లల మొదటి అడుగులు అన్నీ అందులో వేశాం. 2021 జూన్ 1 నుంచి కొత్త ఫోటోలు 15 జీబీ లెక్కలోకి వచ్చాయి. 2018 చివర్లో ఆండ్రాయిడ్ వాట్సాప్ బ్యాకప్‌ని ఈ లెక్క నుంచి మినహాయించారు, 2024 మొదట్లో ఆ మినహాయింపు కూడా పోయింది. 2013లో 15 జీబీ చాలా ఎక్కువ. ఇప్పుడు ఒక పెళ్లి వీడియో చాలు నింపడానికి. డబ్బా సైజు మాత్రం అదే.

ఇందులో మోసం ఉందని నేను అనట్లేదు. ముందే చెప్పి మార్చారు, పాత ఫోటోల జోలికి రాలేదు, 100 జీబీకి నెలకి 130 లేదా ఏడాదికి 1,300 అనేది మరీ దారుణమైన రేటు కాదు. హార్డ్ డిస్క్ కొని దాన్ని ఎలుకల నుంచి, తేమ నుంచి కాపాడుకునే ఖర్చుతో పోలిస్తే నయమే. నా పాయింట్ వేరే. కట్టాలా వద్దా అని ఆలోచించుకునే రోజు 2015. ఆ రోజు మనల్ని ఎవరూ డబ్బులు అడగలేదు, మనమూ ఆలోచించలేదు. అడిగిన రోజుకి ఆలోచించడానికి ఏమీ మిగల్లేదు.

బ్రిన్యోల్ఫ్‌సన్ అనే ఎకనామిస్ట్, ఆయన టీమ్ 2019లో ఒక స్టడీ వేశారు. అమెరికాలో జనాన్ని "నీకెంత ఇస్తే ఏడాది పాటు ఇది మానేస్తావ్?" అని అడిగారు. మధ్యస్థంగా వచ్చిన లెక్క: ఈమెయిల్‌కి 8,414 డాలర్లు, సెర్చ్ ఇంజిన్‌కి 17,530 డాలర్లు. సోషల్ మీడియాకి 322, మెసేజింగ్‌కి 155 మాత్రమే. మెసేజింగ్ చూడండి, అది లేకుండా బతకలేం అనుకుంటాం, కానీ ఫోన్ చేసుకోవచ్చు, ఇంకో యాప్‌కి పోవచ్చు. మన చైతన్యపురి కుర్రాడు "టెలిగ్రామ్ ఉంది కదన్నా" అన్నది అదే లెక్క. బదులు ఉన్నదానికి విలువ తక్కువ, బదులు లేనిదానికి విలువ ఎక్కువ. ఎంత బాగుంది, ఎంత ఉపయోగం అన్నది తర్వాత.

ఇప్పుడు క్లౌడ్ కంప్యూటింగ్‌కి వద్దాం, మన ఏరియా పిల్లలకి ఇది ముఖ్యం. ఇక్కడ క్లౌడ్, డెవాప్స్, డేటా సైన్స్ కోర్సులు చేసేవాళ్లు బోలెడు. పీజీ రూమ్‌లో 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్, మిగతాదంతా క్లౌడ్‌లో. క్లౌడ్ అంటే ఎక్కడో ఆకాశంలో లేదు. 2022 నవంబర్‌లో అమెజాన్ వాళ్లు హైదరాబాద్ రీజియన్ ఓపెన్ చేశారు, ఆ షెడ్లు మన రంగారెడ్డి జిల్లాలోనే ఉన్నాయి. అక్కడ మిషన్ నడిస్తే కరెంట్ కాలుతుంది, చల్లబరచడానికి ఇంకా ఖర్చు.

స్టోరేజ్‌కీ, కంప్యూటింగ్‌కీ తేడా ఇక్కడే. 15 జీబీ ఇస్తే అందరూ 15 వాడరు, కాబట్టి కంపెనీకి తట్టుకునే వీలుంది. పైగా పడి ఉన్న ఫైల్‌కి పెద్ద ఖర్చు లేదు. కానీ ప్రాసెసర్ గంట అంటే గంటే. మీరు వాడిన గంట ఇంకొకరికి అమ్మలేరు. అందుకే ఫ్రీ కంప్యూటింగ్ ఎక్కువ కాలం నిలవదు. హెరోకు గుర్తుందా? మా బ్యాచ్ బీటెక్ ప్రాజెక్టులు సగం దాని మీదే నడిచాయి. 2022 నవంబర్ 28న ఫ్రీ ప్లాన్లు తీసేశారు. ఫ్రీ ప్లాన్లలో మోసాలు, దుర్వినియోగం ఆపడానికే తమ టీమ్‌ల శ్రమ చాలా పోతోందని చెప్పారు. రెజ్యూమెలో పెట్టుకున్న ప్రాజెక్ట్ లింకులన్నీ చచ్చిపోయాయి. గూగుల్ కోలాబ్ ఇప్పటికీ ఫ్రీగా జీపీయూ ఇస్తుంది, కానీ దొరికితేనే, గరిష్ఠంగా 12 గంటలు. రాత్రి ట్రైనింగ్ పెట్టి పడుకుంటే తెల్లారేసరికి ఉంటుందని గ్యారంటీ లేదు.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. మా జూనియర్ ఒకతను దిల్‌సుఖ్‌నగర్ పీజీలో ఉంటూ డెవాప్స్ కోర్స్ చేసేవాడు. ఒక క్లౌడ్ కంపెనీలో ఫ్రీ అకౌంట్ తీశాడు. ఏ కంపెనీ అనేది అవసరం లేదు, ఈ లెక్క చాలా చోట్ల ఉంది. ప్రాక్టీస్ అయిపోయాక మిషన్ ఆపేశాడు. ఆపడం వేరు, డిలీట్ చేయడం వేరు. మిషన్ ఆగింది గానీ దానికి తగిలించిన డిస్క్, లోడ్ బ్యాలెన్సర్, డేటాబేస్ నడుస్తూనే ఉన్నాయి. నెలాఖరుకి పదకొండు వేల బిల్లు. వాడి హాస్టల్ ఫీజు ఏడు వేలు. వాడు నాకు ఫోన్ చేసి మొదట అన్న మాట, "అన్నా, ఇంట్లో తెలిస్తే కోర్స్ మాన్పిస్తారు." సపోర్ట్‌కి మెయిల్ పెట్టించాం, మూడు వారాలు బతిమాలితే మాఫీ చేశారు. అందరికీ చేస్తారని లేదు.

ఇప్పుడు ఎందుకు ఇదంతా అంటే, 2025లో మన మీద ఒక ఫ్రీ వర్షం కురిసింది. జులైలో ఎయిర్‌టెల్ వాళ్లకి పర్‌ప్లెక్సిటీ ప్రో ఏడాది ఫ్రీ. అదే నెలలో కాలేజీ స్టూడెంట్లకి గూగుల్ జెమినై ప్రో ఏడాది ఫ్రీ. అక్టోబర్ చివర్లో జియో వాళ్లకి జెమినై ప్రో 18 నెలలు, మొదట 18 నుంచి 25 ఏళ్ల వయసు వాళ్లకే. దాని విలువ 35,100 రూపాయలని చెప్పారు. నవంబర్ 4 నుంచి చాట్‌జీపీటీ గో ఏడాది ఫ్రీ. అంతకు మూడు నెలల ముందు ఆగస్టులో అదే ప్లాన్‌ని నెలకి 399కి పెట్టారు. వయసు గమనించారా? 18 నుంచి 25. అలవాట్లు పడే వయసు, జీతం ఇంకా రాని వయసు. జియో 2016 పాఠం అందరూ బాగా చదివారు.

నేను తీసుకోవద్దని చెప్పను. నేనూ వాడుతున్నా. కానీ 2026 రెండో సగం నుంచి ఈ ఫ్రీలు ఒక్కొక్కటిగా అయిపోతాయి. ఆ రోజు మీరు ఎటువైపు ఉంటారన్నది ఇప్పుడు మీరు ఎలా వాడుతున్నారన్న దాని మీద ఉంది. ఇంగ్లిష్ మెయిల్ రాయించుకోవడానికి వాడితే అది వాట్సాప్ లాంటిది, పక్కదానికి పోవచ్చు. కానీ గ్రూప్స్ నోట్స్ అంతా, ప్రాజెక్ట్ కోడ్ అంతా, ఏడాది చాట్ల హిస్టరీ అంతా ఒకే దాంట్లో ఉంటే, మీరు జిరాక్స్ షాప్ అన్న స్థానంలో ఉన్నారు. అప్పుడు 399 అయినా 999 అయినా రేటు చెప్పేది వాళ్లే. జెమినై ప్రోతో పాటు 2 టీబీ స్టోరేజ్ కూడా ఇస్తున్నారు. నా భయమల్లా దాని గురించే. ఏఐ మానేయొచ్చు. 200 జీబీ ఫోటోలు అందులో వేశాక, ప్లాన్ అయిపోయిన రోజు మీరు 15 జీబీ మనిషి. పాతవి వెంటనే పోవు, కానీ కొత్తవి ఎక్కవు, మెయిల్ రావడం కూడా ఆగుతుంది. రెండేళ్లు అలాగే లిమిట్ దాటి ఉంటే కంటెంట్ తీసేసే హక్కు వాళ్ల నియమాల్లోనే ఉంది.

కాబట్టి ఈ వీడియో అయ్యాక ఒక పది నిమిషాలు పెట్టండి. యూపీఐ యాప్‌లో ఆటోపే సెక్షన్‌కి వెళ్లి, ఫ్రీ ట్రయల్ కోసం ఇచ్చిన మ్యాండేట్లు ఏవి యాక్టివ్‌లో ఉన్నాయో చూడండి. అక్కర్లేనివి రద్దు చేయండి. కొన్ని ఆఫర్లలో మ్యాండేట్ రద్దు చేస్తే ఆఫర్ కూడా పోతుంది, అలాంటిదైతే ముగిసే తేదీకి వారం ముందు క్యాలెండర్‌లో రిమైండర్ పెట్టుకోండి. గూగుల్ టేకౌట్ అని ఉంది, మీ ఫోటోలు, మెయిల్స్ మొత్తం ఒక కాపీ దించుకోవచ్చు. ఒక్కసారి దించి హార్డ్ డిస్క్‌లో పెట్టుకుంటే, తర్వాత 130 కట్టినా మీ ఇష్టంతో కడతారు. క్లౌడ్ కోర్స్ చేసేవాళ్లు అకౌంట్ తీసిన మొదటి రోజే బిల్లింగ్ అలర్ట్ పెట్టుకోండి, వంద రూపాయలకి పెట్టుకోండి చాలు. అలర్ట్ వస్తే బిల్లు ఆగదు, మీకు తెలుస్తుంది అంతే. ప్రాక్టీస్ అయ్యాక ఆపడం కాదు, డిలీట్ చేయండి. డిస్కులు, ఐపీ అడ్రసులు విడిగా చూసుకోండి. వేరే రీజియన్‌లో ఏదైనా తెరిచి మర్చిపోయారేమో అది కూడా చూడండి, మా జూనియర్ డేటాబేస్ దొరికింది అక్కడే.

వచ్చే ఎపిసోడ్‌లో టేకౌట్ ఫైళ్లు దించుకున్నాక ఫోటోల తేదీలు ఎందుకు తారుమారవుతాయి, వాటిని ఎలా సరిచేయాలో స్క్రీన్ మీద చూపిస్తా. ఉంటాను.